తూకాలాయన కారు కొన్న వైనం

షోరూం అమ్మాయికి నవ్వీ నవ్వీ దవడలు నొప్పెట్టాయి. ఆ భార్యాభర్తలు గాజు తలుపు తోసుకుని లోపలికి రావడం చూసి, సీసా ఎత్తి రెండు గుక్కలు నీళ్ళు తాగి, యుద్ధానికి సిద్ధమైనట్టు కుర్చీ ముందుకు లాక్కుంది. ఈ మూడు వారాల్లో వాళ్ళు రావడం ఇది అయిదోసారి. వచ్చిన ప్రతిసారీ అదే తెల్ల కారు చుట్టూ తిరగడం, అదే బల్ల దగ్గర కూలబడడం, చెప్పిందే మళ్ళీ మొదటి నుంచీ చెప్పించుకోవడం.

"ఇంకొక్కసారి చెప్పమ్మా, ఏమీ అనుకోకు," అన్నాడు భర్త.

దుకాణాల్లో తూకం యంత్రాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడడం ఆయన ఉద్యోగం. ఇత్తడి తూకపురాళ్ళ పెట్టె పట్టుకుని ఊరంతా తిరుగుతాడు. గ్రాము తేడా వచ్చినా కొట్టు యజమానిని నిలబెట్టి కడిగేస్తాడు. అందుకే అందరికీ ఆయన తూకాలాయన. ఆఫీసు పని ఆఫీసులోనే వదిలేసి రావాలంటారు గానీ, ఆయన ఆ మాట ఏనాడూ చెవిన పెట్టలేదు. చెప్పుల కొట్టుకు వెళ్ళినా కుడి చెప్పు ఒక చేత్తో, ఎడమ చెప్పు ఒక చేత్తో పట్టుకుని బరువు చూసే మనిషి. అలాంటి వాడితో కారు కొనిపించడమంటే మాటలా?

షోరూం అమ్మాయి అప్పజెప్పింది. "మొదటిది మామూలు లోను సార్. ముందు కొంత డౌన్ పేమెంట్ కడతారు, మిగతాది నెలనెలా కడతారు, అయిపోతే కారు మీదే. రెండోదానికి నెల వాయిదా తక్కువ, కానీ చివర్లో ఒకేసారి పెద్ద మొత్తం కట్టాలి. మూడోది లీజు. నెలకు అన్నిటికన్నా తక్కువ. మూడేళ్ళు నడుపుకుని కారు మాకే తిరిగిచ్చేస్తారు. కాకపోతే ఏడాదికి ఇన్ని కిలోమీటర్లని హద్దుంటుంది. దాటితే ప్రతి కిలోమీటరుకీ అదనంగా కట్టాలి."

"మరి డౌన్ పేమెంటు?"

"అది మీ ఇష్టం సార్. ఎక్కువ కడితే వాయిదా తగ్గుతుంది, తక్కువ కడితే పెరుగుతుంది."

"మీ ఇష్టం" అన్న మాట తూకాలాయనతో అనకూడదు. ఆయన వెంటనే ఫోను తీసి, బల్ల మీద పెట్టి, స్పీకరు నొక్కాడు. అవతల ఆయన అక్కగారు. ఆవిడకు కారు లేదు, నడపడం రాదు, ఎక్కితే కళ్ళు తిరుగుతాయి. అయినా ఆవిడ మాట పడందే ఆ ఇంట్లో కర్టెను గుడ్డ కూడా కొనరు.

"ఒరే తమ్ముడూ, ఉన్నదంతా ముందే కట్టి పారెయ్. అప్పు నిప్పుతో సమానం," అంది ఫోను. తమ్ముడు సరేననబోయే లోపే, "అలాగని చేతులు దులిపేసుకోకు. రేపు ఏదైనా అవసరమొస్తే?" అని కూడా అంది.

ఆయన ఇటు తలూపాడు, అటూ తలూపాడు.

పక్కన కూర్చున్న భార్య ఒళ్ళో సంచీ పట్టుకుని గోడ గడియారం వంక చూస్తోంది. ఆమె నర్సు. ఆసుపత్రిలో కాదు, మంచం దిగలేని వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి పుళ్ళు కడిగి కట్లు కట్టే నర్సు. ఆమె పాత కారు మూడు వారాల క్రితం నడిరోడ్డు మీద ఆగిపోయింది. మెకానిక్ బానెట్ ఎత్తి చూసి, మెల్లిగా దించేసి, "ఇంక దీన్ని ఇబ్బంది పెట్టకండమ్మా," అన్నాడు. అప్పటి నుంచీ బస్సులే గతి. బస్సు వెళ్ళని చోటికి ఆమె వెళ్ళలేదు. క్వారీ అవతలి ఇళ్ళు, కాలువ చివరి ఇళ్ళు పేరుకే ఆమె వంతు. అక్కడ ఇరుగుపొరుగు వాళ్ళు ఆమె ఫోనులో చెప్పినట్టు, లేదా తమకు తోచినట్టు కట్లు కడుతున్నారు. పెద్ద నర్సు మొన్ననే తేల్చి చెప్పేసింది. "సోమవారానికి బండి ఉంటే దూరం ఇళ్ళు నీవి. లేదంటే ఇంకొకరికి రాసేస్తాను. తరవాత నన్ననొద్దు."

ఏళ్ళ తరబడి ఒక్కొక్క గుమ్మమే ఎక్కి సంపాదించుకున్న ఇళ్ళవి. వాటిల్లో కాలువ చివరి గడియారాల తాతంటే ఆమెకు మరీ ప్రాణం. చక్కెర జబ్బు మనిషి, పిక్క మీద పుండు. కట్టు కొంచెం బిగిసినా ఊరుకోడు, ఈమె కడితే మాత్రం కిమ్మనడు.

"ఏవండీ, మామూలు లోను తీసుకుందాం. కొంచెం కట్టి, మిగతాది చేతిలో ఉంచుకుందాం. తెమల్చండి," అంది.

"తొందరపడితే ఎలా? తూచి చూడాలి కదా."

"మూడు వారాలుగా తూస్తూనే ఉన్నారు. ముల్లు అరిగిపోయుంటుంది."

షోరూం అమ్మాయి నవ్వాపుకోవడానికి కాగితాలు సర్దింది. తూకాలాయన మాత్రం ఆ కాగితాలన్నీ మడిచి జేబులో పెట్టుకుని, "రెండు రోజుల్లో చెబుతానమ్మా," అని లేచాడు. నర్సమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే బస్సు తప్పిపోయింది.

శనివారం మధ్యాహ్నం ఆమె ఒక ముసలావిడ వీపుకు మందు రాస్తుండగా ఫోను మోగింది. "తేల్చేశాను!" అన్నాడు తూకాలాయన, బంగారు గని దొరికినట్టు. "కాగితాలన్నీ సిద్ధం. జీతం కాగితాలు నీవి కాబట్టి సంతకం నువ్వే పెట్టాలి. వచ్చెయ్."

రెండు బస్సులు మారి, చెమటలు కక్కుతూ షోరూంకు చేరింది. నోరు విప్పి ఒక్క మాట అనకూడదని దారంతా ఒట్టు పెట్టుకుంది. ఎలాగోలా కారంటూ వస్తే చాలు. తూకాలాయన కాగితం ఆమె ముందుకు జరిపి చేతులు కట్టుకుని కూర్చున్నాడు. బల్ల మీద ఫోను, ఫోనులో అక్కగారు.

లీజు. దాచుకున్న దాంట్లో సగం డౌన్ పేమెంటు. నెల వాయిదా చూస్తే నిజంగానే తక్కువే. ఆమె పెన్ను తీసింది. కిలోమీటర్ల హద్దు దగ్గరికొచ్చేసరికి పెన్ను ఆగిపోయింది.

"ఈ కిలోమీటర్లు ఎక్కడివండీ?"

"నీవే! ఈ మూడు వారాలూ నువ్వు రోజూ ఎక్కడెక్కడికి వెళ్ళొచ్చావో రాసి పెట్టుకున్నాను. దాన్ని ఏడాదికి లెక్కగట్టాను. ఎందుకైనా మంచిదని పైన ఇంకొంచెం వేశాను కూడా. అన్నిటికన్నా చిన్న హద్దు మనకు సరిగ్గా సరిపోయింది!"

ఆమె పెన్ను మూత పెట్టింది. "ఈ మూడు వారాలూ నేను దేంట్లో తిరిగానండీ?"

"బస్సులో."

"బస్సు వెళ్ళే చోటికేగా వెళ్ళాను?"

"అవును మరి."

"కారు లేని మనిషి ఎంత తిరిగిందో చూసి, అంతకు సరిపడా కారు కొంటారా?"

తూకాలాయన కాగితం తన వైపు లాక్కుని ఇంకోసారి చూసుకున్నాడు. "పళ్ళెంలో ఉన్నదే కదా తూస్తాం? లేనిదాన్ని ఎలా తూస్తాం?"

"ఏమైందిరా?" అంది ఫోను.

అప్పుడు పట్టుకుంది నర్సమ్మకు కోపం. అదేదో చిల్లర కోపం కాదు. బస్సుల్లో నిలబడ్డ కోపం, ఫోనులో కట్టు ఎలా కట్టాలో అరిచి చెప్పిన కోపం, ఇంటికొచ్చాక వాయిదాల పాఠం విన్న కోపం, అన్నీ కలిసి ఒక్కసారే వచ్చాయి. "గ్రాము గ్రామూ పట్టుకుంటారే! కాలువ చివర నా మనుషులు ఉన్నారు, వాళ్ళు మీ పళ్ళెంలో లేరా? ఆ ఇళ్ళకు వెళితే కిలోమీటరుకు ఇంతని అలవెన్సు ఇస్తారు, పెట్రోలు పోగా మిగులుతుంది. వెళ్ళక మూడు వారాలుగా అదీ రావడం లేదు. అది మీ లెక్కలో ఉందా? ఈ హద్దు పెట్టుకుంటే కారు గుమ్మంలో ఉన్నా నేను మళ్ళీ బస్సెక్కాలి!"

షోరూంలో మిగతా వాళ్ళు తాము చూస్తున్న కార్ల తలుపులు తీసి లోపల ఏదో వెతుకుతున్నట్టు నటించారు.

ఆమె షోరూం అమ్మాయి వైపు తిరిగింది. "అమ్మా, మామూలు లోను రాయి. డౌన్ పేమెంటు మా దగ్గరున్న దాంట్లో నాలుగో వంతు."

"వాయిదా పెరుగుతుంది..." అన్నాడు తూకాలాయన నీరసంగా.

"అలవెన్సు అందులోకి పోతుంది. మిగతా డబ్బు ఇన్సూరెన్సుకీ టైర్లకీ ఉంటుంది. ఉన్నదంతా పోసి ఏనుగును కొని, అంకుశానికి వెనకాడే పని నా వల్ల కాదు."

"వడ్డీ ఎంత పోతుందో తెలుసా?" అంది ఫోను.

"పోనివ్వండి వదినా. ఉంటాను," అని నర్సమ్మ ఎర్ర బొత్తాం నొక్కింది. పెళ్ళయ్యాక అక్కగారి ఫోను ఆమె పెట్టేయడం అదే మొదలు. షోరూం అమ్మాయి ముఖంలో మొదటిసారి దవడలు నొప్పెట్టని నవ్వు కనిపించింది.

సోమవారం పొద్దున్నే తెల్ల కారు చేతికొచ్చింది. పెద్ద నర్సు దూరం ఇళ్ళు ఆమె పేరునే ఉంచింది. తూకాలాయన సెలవు పెట్టి, చెప్పాపెట్టకుండా పక్క సీట్లో ఎక్కి కూర్చున్నాడు. "ఎంత దూరమో చూద్దామని," అన్నాడు. ఆమె కారు తీసింది. శనివారం నాటి కోపం ఇంకా చల్లారలేదు. అనాల్సిన మాటలు గొంతు దాకా ఉన్నాయి. ఆయన దారంతా కిలోమీటర్ల మీటరు మీంచి చూపు తిప్పలేదు. క్వారీ దాటినా, కాలువ గట్టు మీద కారు ఎగిరి పడినా ఆ మీటరే లోకం.

గడియారాల తాత ఒక కాలు పీట మీద చాపుకుని, కంటికి భూతద్దం తగిలించుకుని ఎవరిదో చేతి గడియారం విప్పుతున్నాడు. "వచ్చావా తల్లీ," అన్నాడు. భూతద్దం తీసి పక్కన పెట్టాడు.

కట్టు విప్పుతుంటేనే వాసన వచ్చింది. ఆమె ముఖం మారింది. చేతులకు గ్లవ్స్ ఉన్నాయి, చేతుల్లో దూది ఉంది. సంచీలోంచి పుండు కొలిచే కాగితం టేపు తీయమని మొగుడికి కళ్ళతోనే చెప్పింది. "పుండు పక్కన పెట్టి, తగలకుండా పట్టుకోండి. ఎంతుందో చదవండి."

తూకాలాయన మోకాళ్ళ మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి చదివాడు. "నాలుగున్నర సెంటీమీటర్లు."

"పోయినసారి రెండుంది," అంది నర్సమ్మ.

ఆయన టేపు తీసి మళ్ళీ పెట్టాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. నాలుగున్నరే.

"పక్కింటావిడ పాపం తనకు తెలిసినట్టు కట్టింది," అన్నాడు తాత. "ఆవిడ తప్పేం లేదు బాబూ. ఇక్కడికి బస్సు రాదుగా."

తూకాలాయన టేపు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆమె పుండు కడిగి, మందు పెట్టి, కొత్త కట్టు కట్టేదాకా లేవలేదు. వెళ్ళేటప్పుడు సంచీ ఆయనే మోశాడు.

"మళ్ళీ రెండుకి రావడానికి ఎన్నాళ్ళు పడుతుంది?" అని అడిగాడు కారెక్కాక.

"రోజు విడిచి రోజు వస్తే రెండు నెలలు. రాత బాగుంటే."

గొంతులో ఉన్న మాటలు ఒక్కటీ అనాల్సిన పని లేకపోయింది ఆమెకు. కారు తిప్పుతుండగా ఆయన ఫోను మోగింది. స్పీకరు అలవాటుగా ఆయనే నొక్కాడు.

"ఒరే తమ్ముడూ! మొదటి రోజే ఎన్ని కిలోమీటర్లు తిరిగిందిరా?"

పొద్దుటి నుంచీ ఆ మీటరు మీంచి చూపు తిప్పని మనిషి, ఇప్పుడు కిటికీలోంచి తాత గుమ్మం వైపు చూశాడు.

"చూడలేదక్కా," అని, ఫోను తనే పెట్టేశాడు.