చేతులెత్తి తేల్చిన బంధం

నరసరావుపేటలోని ఆ ప్రైవేటు జూనియర్ కాలేజీకి డెమో క్లాసు చెప్పడానికి వచ్చింది జెబా. మోటార్లకు వైండింగ్ కట్టే జాన్ సాహెబ్ ఇంట్లో డిగ్రీ దాటింది ఆమె ఒక్కతే. ఈ ఉద్యోగం రావాలని ఇల్లంతా ఎదురుచూస్తోంది.

బెంచీల మీద పిల్లలకు బదులు లెక్చరర్లు కూర్చున్నారు. ముందు కుర్చీలో కరస్పాండెంటు బ్రహ్మయ్య, రెండుసార్లు ఏకగ్రీవంగా సర్పంచి అయిన మనిషి.

జెబా బోర్డు మీద హైడ్రోజన్‌నీ ఫ్లోరిన్‌నీ పక్కపక్కన రాసింది. “మిరపకాయలు ఆరబోసే పట్టాని ఇద్దరు చెరో కొసా పట్టుకున్నారనుకోండి. బలమున్నోడి వైపు జరుగుద్ది. ఎలక్ట్రాన్లూ అంతే. గుంజుకునే ఆ బలమే రుణవిద్యుదాత్మకత. ఫ్లోరిన్‌కి అది ఎక్కువ. అటు కొంచెం రుణావేశం, ఇటు కొంచెం ధనావేశం. అయినా హైడ్రోజన్ చెయ్యి వదల్లేదు. కాబట్టి ఇది ధ్రువ సమయోజనీయ బంధం.”

“ఆగమ్మా,” అన్నాడు సీనియర్ లెక్చరర్ ఉపేంద్ర. “ఆ రెండిటి బలానికీ తేడా ఎంత?”

“ఒకటి పాయింట్ తొమ్మిది సార్.”

“ఒకటి పాయింట్ ఏడు దాటితే ఎలక్ట్రాన్ పూర్తిగా అటే పోద్ది, అయానిక్ అని మన మెటీరియల్లో ఉంది. నువ్వేంది, కొత్త కెమిస్ట్రీ చెప్తున్నావ్?”

నాలుగు గైడ్లు కత్తిరించి అతికించిన ఆ మెటీరియల్లో ఉపేంద్ర సొంతమైనది అట్ట మీది ఫొటో ఒక్కటే.

“ఆ ఒకటి పాయింట్ ఏడు ఒక అంచనా సార్, చట్టం కాదు. అయానిక్ అయిన ఉప్పు ఎనిమిది వందల డిగ్రీలకు గానీ కరగదు. ఇది ఇరవైకే మరుగుద్ది. రెంటచింతల ఎండలో మూత తీస్తే సీసాలో చుక్క మిగలదు.”

వెనక బెంచీలో ఎవరో నవ్వారు. ఉపేంద్ర తల తిప్పగానే ఆ నవ్వు దగ్గయిపోయింది.

బ్రహ్మయ్య విసుక్కున్నాడు. “ఏమయ్యా, పుస్తకాలు అచ్చేయించాం గదా, ఇంకేంది పంచాయితీ? అయానిక్ అన్నోళ్లు చేతులెత్తండి.”

ఫిజిక్సాయన ఎత్తాడు. ఆయన్ని చూసి లెక్కలాయన. ఫ్లోరిన్ అంటే పళ్లు గారపట్టించేదని తప్ప మరేమీ తెలియని తెలుగు మాస్టారు, ఎందుకైనా మంచిదని రెండు చేతులూ ఎత్తాడు.

“నువ్వు గూడా ఎత్తమ్మాయ్, ఏకగ్రీవమైపోద్ది. చానా బాగా చెప్తున్నావ్. సోమవారం నుంచి వచ్చెయ్.”

ఒక్క చెయ్యి ఎత్తితే ఉద్యోగం. ఆ తర్వాత ఇదే తప్పు రోజుకు నాలుగు సెక్షన్లలో చెప్పాలి. జెబా సుద్దముక్క బల్ల మీద పెట్టి సర్టిఫికెట్ల ఫైలు తీసుకుంది.

“ఊళ్లో నామినేషన్లయితే ఆపగలరు సార్. ఫ్లోరిన్‌కి మీరంటే భయం లేదు.”

ఆమె గడప దాటిందో లేదో, లోపల బ్రహ్మయ్య గొంతు వినిపించింది. “ఆ పిల్ల పోయిందిగా. ఏకగ్రీవమని రాసుకో.”