ఎడమ మడమ

చెక్కపలక మీద పోలీసు నడుస్తున్నాడు. తెర మీది పోలీసుకి ముఖం ఉంది, టోపీ ఉంది. కాళ్ళు మాత్రం ఇక్కడున్నాయి, ఈ కిటికీల్లేని గదిలో, ప్యాంటు పిక్కల దాకా మడిచిన ఒక ముసలాయనకి. పోలీసు నడిస్తే అతనూ నడిచాడు. తలుపు దగ్గర నిలబడితే నిలబడ్డాడు. మైకు అతని పాదాల దగ్గర వంగి వింటోంది.

సినిమావాళ్ళు అతన్ని కాళ్ళాయన అంటారు. షూటింగులో సరిగా పట్టుబడని అడుగుల చప్పుడును తరవాత ఈ గదిలో పుట్టించడం అతని పని. అందుకని ఇక్కడ ఒక ఇసుక తొట్టి, ఒక కంకర తొట్టి, ఎక్కడికీ వెళ్ళని కొన్ని చెక్కమెట్లు, గోడ లేని తలుపు ఒకటి ఉన్నాయి. గోడవారన చెప్పులు, బూట్లు, ఆడవాళ్ళ ఎత్తుమడమల జోళ్ళు బారులు తీరి ఉంటాయి.

అద్దం అవతల కూర్చునే రికార్డిస్టు అమ్మాయి స్పీకర్లో నవ్వింది.

"పొద్దున్నించీ దొంగయ్యారు, పోలీసయ్యారు, పెళ్ళికూతురు కూడా అయ్యారు. మీ సొంత నడక గుర్తుందా కాళ్ళాయనా?"

"ఇంటికెళ్ళేప్పుడు గుర్తొస్తుందిలేమ్మా."

బూట్లు విప్పి, సంచీలోంచి ఇంకో జత తీశాడు. నల్లతోలు జోళ్ళు. పాతవే గాని అద్దంలా మెరుస్తున్నాయి. ఎడమదాని మడమ బయటివైపు బాగా అరిగింది. ఇవి గోడవారన ఎప్పుడూ ఉండవు. పొద్దున సంచీలో వస్తాయి, సాయంత్రం సంచీలో పోతాయి. ఎన్నో సినిమాల్లో నమ్మించి గొంతు కోసినవాళ్ళంతా ఈ జోళ్ళతోనే నడిచారు. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు.

అవి బావవి, చెల్లెలి మొగుడివి. చెల్లెలు మంచం పట్టిన ఏడాది బావ కొత్త జోళ్ళు తొడుక్కుని, పాతవి మంచం కింద వదిలేసి వెళ్ళిపోయాడు. ఆ పూట అన్న వంటగదిలో పాలు కాస్తున్నాడు. మెట్ల మీద అడుగులు విన్నాడు. అవి ఎక్కడా ఆగలేదు. ఎడమ కాలు ప్రతి మెట్టునూ కాస్త గీరుకుంటూ దిగింది. పైగా తాళంచెవులు వేలికి తిప్పుకుంటూ పోయాడు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. చెల్లెలు తలుపు వంకే చూస్తూ ఉండిపోయింది.

వస్తే అడుగుతాడు కదన్నయ్యా అని మంచం మీద కూర్చునే ఆ జోళ్ళు తుడిచేది. ఇంట్లో ఉండే జోళ్ళకి రోజూ దుమ్మెక్కడిదని అన్నని ఒక్కనాడూ అడగలేదు. ఆ మనిషిని మాత్రం పల్లెత్తు మాట అనకూడదని అన్న చేత ఒట్టు వేయించుకుంది. అతను అనలేదు. పళ్ళు నూరుకుని ఊరుకున్నాడు.

బావ ఇప్పుడు పేరున్న దర్శకుడు. మధ్యాహ్నం ఒక పత్రికాయనను వెంటబెట్టుకుని ఈ గదికి వచ్చి, మూలనున్న సోఫాలో కూర్చుని అతనికి చెబుతున్నాడు. కథ పుస్తకాల్లోంచి రాకూడదట, సొంత గాయంలోంచి రావాలట. ఆ గాయాన్ని తత్వంతో కడిగితేనే సినిమా అవుతుందట. ఎవరూ ఎవరికీ చెందరట, వెళ్ళడం, ఉండటం రెండూ ఒకటేనట. పత్రికాయన తలూపుతూ రాసుకుంటున్నాడు. కాళ్ళాయన జోళ్ళ ముందుభాగంలో గుడ్డ కూరుకుంటూ విన్నాడు. పుండు ఒకరిది, మూలుగు ఇంకొకరిది అనుకున్నాడు.

"పెద్దాయనా, ఈ అడుగులే మన సినిమాకి ప్రాణం. దిగుతాడు, సగంలో ఆగుతాడు, వెనక్కి వచ్చేస్తాడు. సరేనా?"

నలుగురిలో బావా అనడం దర్శకుడు మానేసి చాలాకాలమైంది.

తెర మీద మంచం, మంచం మీద ఒక అమ్మాయి. మొగుడు కనిపించడు. తలుపు వంక చూస్తున్న ఆమె ముఖం ఒక్కటే. కాసేపటికి ఆ కళ్ళు నిండుతాయి. అతను వస్తున్నందుకో, పోతున్నందుకో చప్పుడే చెప్పాలి.

కాళ్ళాయన తాళంచెవుల గుత్తి వేలికి తగిలించుకున్నాడు. తెర వంక చూడలేదు. మెట్లు దిగాడు, పలక మీద నడిచాడు, ఆగలేదు. ఎడమ మడమ గీరింది. తాళాలు గలగలమన్నాయి. అడుగులు మైకుకి దూరమై గోడ దగ్గర సన్నగిల్లాయి.

పత్రికాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. దర్శకుడు తన ఎడమ కాలు సోఫా కిందికి లాక్కున్నాడు.

"ఆగాలి కదా," అన్నాడు.

"రెండూ ఒకటే అన్నావుగా. ఒకటే అయితే ఇదే ఉంచు."

దర్శకుడు లేచి దగ్గరకొచ్చాడు. జోళ్ళు చూశాడు.

"బావా, తను చూడాలనే తీశాను."

"మొన్న వానల్లో చెల్లి పోయింది."

అంతే అన్నాడు. ఎలా పోయిందో చెప్పలేదు, కబురెందుకు పెట్టలేదో చెప్పలేదు. తిట్టనూ లేదు. ఒట్టు ఒట్టే. దర్శకుడు గోడ లేని ఆ తలుపును పట్టుకుని నిలబడ్డాడు. కాళ్ళాయన అతన్ని తనివితీరా చూశాడు.

"ఇంకొక్కసారి అడుగులు వెయ్యి బావా. వెనక్కి వచ్చినట్టు."

కాళ్ళాయన చివరి మెట్టు మీద కూర్చుని జోళ్ళు విప్పాడు. లోపలి గుడ్డ తీసి జేబులో పెట్టుకున్నాడు. జత సరిచేసి మెట్టు మీద పెట్టి లేచాడు.

"నీ కొలతే. తొడుక్కుని నువ్వే రా."

ఖాళీ సంచీ భుజాన వేసుకుని, ఒట్టికాళ్ళతో బయటికి నడిచాడు. రేపు రానని ఎవరికీ చెప్పలేదు. రికార్డిస్టు అమ్మాయి మైకు ఆపలేదు, అయినా అతని నడక దానికి అందలేదు.

ఆ సీనుకి మళ్ళీ ఎవరూ అడుగులు వేయలేదు. మెట్టు మీద జోళ్ళ జత అలాగే ఉంది. అరిగిన మడమ మీదికి ఎడమది కాస్త ఒరిగింది.