వాళ్లడిగిన కట్ట

బొగ్గు గనుల చంద్రపూర్‌లో కూర్చుని సముద్రం ఒడ్డుకు పార్కు గీయడమేమిటని నవ్వకండి. లోకంలో పనులు ఇట్లాగే చేతులు మారతాయి. నాగపూర్‌లో ఎవరికో దక్కిన పని మధుకర్ సార్ చిన్న ఆఫీసుకు వచ్చింది. ఆయన దాన్ని తన దగ్గర ప్లాన్లు గీసే ప్రణాలి నెత్తిన పెట్టాడు, ఎందుకంటే పార్కు కట్టే పట్నం ఆంధ్రా తీరంలో ఉంది, ఆఫీసు మొత్తానికీ తెలుగు వచ్చిన మనిషి ఆమె ఒక్కతే. గని పని కోసం కరీంనగర్ నుంచి చంద్రపూర్‌లోని లాల్‌పేట్ వచ్చి స్థిరపడిన కుటుంబం వాళ్లది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. తెలుగు గడగడా మాట్లాడుతుంది, చదవమంటే మాత్రం కూడబలుక్కుంటుంది. ఆ మాత్రం చాలనుకున్నారు అందరూ, ఆమెతో సహా.

పోయిన చలికాలం ఆ పట్నం వెళ్లి, చేపలు పట్టేవాళ్ల వీధి ముందు ఇసుకలో కూర్చుని, ఏమేం కావాలో అందరినీ అడిగింది. పిల్లలు ఉయ్యాలలన్నారు, కుర్రాళ్లు లైట్లన్నారు. చేపలమ్మే రాజమ్మ మాత్రం పట్టిన పట్టు విడవలేదు.

"నీ పార్కులో ఏటైనా ఎట్టుకో తల్లీ. మా వీధి ముందు మాత్రం కట్ట కావాల."

ప్రణాలికి ముచ్చటేసింది. లాల్‌పేట్ క్వార్టర్ల మూల మీద సిమెంటు దిమ్మె ఒకటుంటుంది. సాయంత్రమైతే ఆడవాళ్లంతా అక్కడ చేరి కూర ఏరుకుంటూ లోకం సంగతులన్నీ తేలుస్తారు. మరాఠీవాళ్లు దాన్ని కట్టా అంటారు, తెలుగువాళ్లూ కట్ట అనే అంటారు. పాపం, ఈ ముసలావిడ కూర్చునే చోటు తప్ప ఏమీ అడగలేదనుకుంది. మనసుపెట్టి, సముద్రానికి ఎదురుగా నెలవంక ఆకారంలో మెట్లుమెట్లుగా కట్ట గీసింది. చూపుకు అడ్డమని వీధి ముందున్న నల్లరాళ్ల గుట్టను తీయించేసింది. ఆ రాళ్లు మోసింది కూడా వీధి జనమే, కట్ట వస్తోందన్న సంబరంతో.

ఇప్పుడు, వానాకాలం పోతూ పోతూ వాయుగుండం పట్టిన రోజున, మధ్యాహ్నం రాజమ్మ ఫోన్ చేసింది.

"ఏటమ్మా, కట్ట ఎప్పుడు కడతారు? రేపటికి నీళ్లు లేస్తాయంటన్నారు."

"కట్ట అయిపోయింది గదమ్మా. సల్లగాలికి కూసుంటలేరా?"

"అదా? అది అరుగు కదమ్మా."

మళ్లీ చేస్తానని పెట్టేసి, ప్రణాలి ఫోన్ పట్టుకునే వంటింట్లోకి వెళ్లింది. తల్లి భూదేవి రొట్టె కాలుస్తోంది.

"అమ్మా, కట్ట అంటే ఏంది?"

"ఏ కట్ట? కూసునేదా, నీళ్లాపేదా?"

అంతే. రెంటికీ చెడ్డ రేవడి బతుకు ఎట్లా ఉంటుందో ఆ క్షణాన ఆమెకు తెలిసింది. ఉన్న అడ్డు పీకించి, కూర్చోండని సముద్రం ముందు పీట వేసింది. రేపటికి వీధి వీధంతా పోతుంది.

ముందు మధుకర్ సార్‌కు చేసింది. ఏ ఎండకా గొడుగు పట్టే పెద్దమనిషి ఆయన. "పార్కు అడిగారు, పార్కు ఇచ్చాం. నువ్వు ఈ రెండ్రోజులు అక్కడివాళ్ల ఫోన్ ఎత్తకు," అన్నాడు మరాఠీలో, చల్లగా. తర్వాత అక్కడి ఇంజనీరుకు చేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? ఈ గాలిలో రాళ్ల లారీ ఒక్కటి కూడా రాదన్నాడతను. పైగా, "అందరినీ మెరక మీదున్న బడికి పొమ్మన్నాం. ఆ వీధివాళ్లే కదలట్లేదు. కట్టకు రాళ్లొస్తాయి, మేం మోయాలి అంటున్నారు," అన్నాడు.

తన మాట నమ్మే ఉండిపోయారు. ఇక చెప్పాల్సింది తనే. రాజమ్మకు ఫోన్ కలిపింది.

"రాళ్లు రావు రాజమ్మా. కట్ట లేదు. మీరడిగింది నాకు సమజ్ కాలే. మా దిక్కు కట్ట అంటే కూసునేది. తప్పు నాదే. మీ కాళ్లు మొక్కుత, లేచి బడికి పోండ్రి."

తిడుతుందనుకుంది. తిడితే బాగుండుననుకుంది.

"ఉండమ్మా, స్పీకరు ఎడతాను," అంది రాజమ్మ. "కట్ట వత్తాదని ఇంటింటికీ తిరిగి చెప్పింది నేనే. ఇప్పుడు లేదంటే నన్నెవరు నమ్ముతారు? అందరూ ఇక్కడే ఉన్నారు. మళ్లీ చెప్పు."

ప్రణాలి మొదటి నుంచీ మళ్లీ చెప్పింది, ఒక్క మాటా మింగకుండా. జనంలోంచి ఒక మగ గొంతు లేచింది.

"అయితే ఆ రాళ్లు మా చేత ఎందుకు తీయించావు?"

ప్రణాలి బడికి పోండ్రి, బడికి పోండ్రి అని మాత్రం అంటూనే ఉంది.