జిగురుగదిలో వదిన

తాగొచ్చిందని గెంటేశారే, ఆమె దగ్గరికెళ్లి ఒక్కరైనా వాసన చూశారా? మేనేజరూ, చెప్పు! సూపర్‌వైజరూ, నువ్వూ చెప్పు! ఆమె ఒంటి మీద ఉన్నది మీ జిగురు కంపు. తాగించింది మీరు.

ఆ బూట్ల ఫ్యాక్టరీ జిగురుగదిలో ఆమె అందరికీ వదినే. పెళ్లైన కొత్తలో చేరింది. అప్పట్లో ఆమె పనితనం చూడ్డానికి పక్క గదుల వాళ్లు వచ్చేవారు. బ్రష్ ముంచిందంటే కాటుక దిద్దినట్టు బూటు సోలు చుట్టూ ఒక్క ఊపున తిరిగొచ్చేది. జిగురులో నలుసు పడితే సోలు ఊడిపోతుందని కిటికీలు బిగించేవారు. సందుల్లో గుడ్డపేలికలు కుక్కింది కూడా వదినే. ఆ తియ్యటి వాసనకి తల తేలిపోతుంటే ఒకటే నవ్వులు.

"వదినా, పైసా ఖర్చు లేకుండా మత్తు!" అనేది పక్క పీట మీది పిల్ల. వదిన ఆమెని ఆడబిడ్డా అనే పిలిచేది.

"నోరు మూసుకుని బ్రష్ ముంచవే, ఆడబిడ్డా!"

ఆ రోజులు తలుచుకుంటే వదిన మొహం ఇప్పటికీ విచ్చుకుంటుంది. ఆమె బతుకులో సంతోషమంతా ఆ గదిలోనే ఉంది మరి.

కొన్నేళ్లకి, ముందు జిగురు గీత వంకర పోయింది. తర్వాత జాకెట్ హుక్కు వేళ్లకి చిక్కలేదు. ఆపైన నడక తూలింది, మాట ముద్దయింది. "ఏమ్మా, పొద్దున్నే వేసుకొచ్చావా?" అని సూపర్‌వైజర్ గేటు దగ్గరే ఆపేశాడు. మేనేజర్ పనిలోంచి తీసేశాడు. అది ఓర్చుకుంది. ఇంటికొచ్చాక మొగుడు గొంతు తగ్గించి, "నిజం చెప్పు, నీకెవరు అలవాటు చేశారు?" అన్నప్పుడు మాత్రం కుప్పకూలిపోయింది.

మర్నాడు మొగుడే ఆస్పత్రికి తీసుకెళ్లాడు. డాక్టరమ్మ, వేలితో నీ ముక్కు ముట్టుకో అంది. వేలు చెంపకి పోయింది.

"తల వెనక, కింద చిన్నమెదడని ఉంటుందమ్మా. కాళ్లూ చేతులూ ఒద్దికగా కదిలేలా చూసేది అదే. జిగురు ఆవిరి దాన్ని తినేసింది. గదికి కిటికీలు లేవా?"

"ఉన్నాయి. మేమే మూసుకునేవాళ్లం," అని వదిన నవ్వబోయింది. నవ్వు రాలేదు.

మొగుడు తలెత్తలేదు. "పద, గేటు దగ్గరికి. నేనే చెబుతా వాళ్లకి," అన్నాడు.

"నువ్వు చెప్పేదేంటి? నాకు నోరు లేదా?"

వాళ్లు ఫ్యాక్టరీ చేరేసరికి షిఫ్టు వదిలారు. ఆడబిడ్డ గోడ పట్టుకుని మెట్లు దిగుతోంది. "కాలు తిమ్మిరెక్కింది వదినా," అని ఇకిలించింది. ఆ నడక తనదేనని వదిన పోల్చుకుంది. తన ఉద్యోగం, తన పరువు అడగడానికి వచ్చిన మనిషి ఆ రెండూ మర్చిపోయింది. గేటుకి అడ్డంగా నిలబడింది. తూలుతూనే, మాట తడబడుతూనే అరిచింది:

"మేనేజరూ, బయటికి రా! జిగురుగదిలో పనిచేసే ప్రతి ఒక్కరికీ డాక్టర్ని పెట్టించు. చెడ్డగాలి లాగేసే ఫ్యాన్లు బిగించు. అవి తిరిగేదాకా ఎవరూ బ్రష్ పట్టరు, జీతం మాత్రం ఆగకూడదు. రేపు కాదు, ఇప్పుడే!"