బిగుసుకోని పిడి

పొద్దున్నే టీ నీళ్ళు పొయ్యి మీద పెట్టి, అవి మరిగేలోపు స్క్రూడ్రైవరు పట్టుకుని ఇల్లంతా ఒక చుట్టు చుట్టడం కోడలికి పది రోజులుగా అలవాటైపోయింది. బీరువా పిడి, కిటికీ గడియ, అత్తగారి కళ్ళజోడు, కుర్చీ కాళ్ళు. నిన్న బిగించినవన్నీ ఇవాళ మళ్ళీ ఊగుతున్నాయి. ఆ ఇంట్లో ఎవరైనా మనసులో ప్రయాణం కట్టారంటే సామాన్లు వదులైపోతాయి. చిన్నమామగారు ఓడలో ఉద్యోగానికి వెళ్ళే ముందు నెల రోజులు తలుపులు టపటపలాడాయి. ఆడపడుచు తనకు నచ్చినవాడి వెంట వెళ్ళే ముందు మంచం రెండుసార్లు కూలింది. ఎందుకిలా అని అక్కడ ఎవరూ అడగరు. ఎవరని మాత్రం అడుగుతారు.

"ఎవరంటావే?" అంది అత్తగారు, ముక్కు మీంచి జారుతున్న కళ్ళజోడు పట్టుకుని.

"ఇంకెవరు? మీ అబ్బాయే!"

కోడలి లెక్క కోడలికుంది. అన్నిటికన్నా ఎక్కువ వదులైంది భర్త మడత చాకు. అతను పార్సిల్ ఆఫీసులో మూటల తాళ్ళు కోస్తాడు. ఇప్పటికి నాలుగు ఉద్యోగాలు మారాడు, ఎక్కడా కాలు నిలవని మనిషి. చాకు పిడికి రెండు పక్కలా ఉన్న చెక్కలు బిగించేస్తే మనిషి కూడా నిలుస్తాడని ఆమె ఆశ. ముందు గదిలో బల్ల వేసుకుని ఊరందరి పనిముట్లూ బాగుచేసే ఆమెకి ఇదో పెద్ద పని కాదు.

ఇక ఆమెకొచ్చిన ఉత్తరం సంగతి వేరు. ఓడరేవు దగ్గరి కర్మాగారం వాళ్ళు పనిముట్ల గది చూసుకోవడానికి రమ్మని రాశారు, శుక్రవారంలోగా జవాబు పోస్టు చెయ్యమన్నారు. సంసారం వదిలి నేనెక్కడికి పోతానులే అనుకుని ఆమె దాన్ని సొరుగులో పడేసింది, ఎవరికీ చెప్పలేదు. రోజుకి నాలుగుసార్లు తీసి చదువుతోందంటే, చేతిరాత బాగుందని మాత్రమే.

మంగళవారం చాకుని ఇనప దిమ్మ మీద పెట్టి, పాత మేకుల తలలు చిన్న సుత్తితో తట్టింది. గట్టిగా కొడితే చెక్క చీలుతుంది కాబట్టి ఊపిరి బిగబట్టి కొట్టింది. సాయంత్రానికి చెక్కలు మళ్ళీ కదిలాయి. బుధవారం మేకులు పీకి, చెక్కలు ఊడదీసి, లోపలి తుప్పు ఉప్పు కాగితంతో గీకి, జిగురు పూసి క్లాంపులో బిగించింది. జిగురు పాకి చాకు తెరుచుకోకుండా పోతుందని మడతలో నూనె చుక్క కూడా వేసింది. గురువారం క్లాంపు విప్పి చేతిలోకి తీసుకుందో లేదో, చెక్కలు కిరకిరమన్నాయి.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. "ఎక్కడికి వెళ్తున్నారో చెప్పేయండి, ఒక గొడవ వదిలిపోతుంది!" అంది భర్తతో.

"పార్సిల్ ఆఫీసుకి."

"వేళాకోళం వద్దు."

కొత్త ఇత్తడి మేకులు కోసి దూర్చింది. ఆ కోపంలోనే సుత్తి ఎత్తబోతే, చెక్క చీలుతుందని అత్తగారు లాక్కుని తానే తట్టింది. పిడి బిగిసింది. అత్తగారు గుంజి చూసింది, కొడుకు విదిలించి చూశాడు. ఎక్కడా కదల్లేదు.

"ఏదీ, నువ్వు పట్టు," అని అత్తగారు దాన్ని కోడలి అరచేతిలో పెట్టింది.

కొత్త మేకులు రెండూ జారి నేల మీద పడ్డాయి.

"రోజంతా నా జేబులో బాగానే ఉంటుంది," అన్నాడు భర్త నెమ్మదిగా. "నీ బల్ల మీదికొస్తేనే ఊగుతుంది. నీ పనితనానికి వంక పెట్టడమెందుకని ఊరుకున్నా."

"నేనెక్కడికీ వెళ్ళాలనుకోలేదు అత్తయ్యా!"

"నాకు చెప్తే నమ్ముతాను. ఇనుముని ఎలా నమ్మిస్తావు?"

కోడలు సొరుగు లాగింది. సొరుగు మొత్తం ఊడి చేతికొచ్చింది. భర్త ఉత్తరం రెండుసార్లు చదివాడు, ముఖం చిన్నబోయింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"వద్దంటారని భయమేసింది," అంది. తర్వాత ఏడుస్తూ, "కాదు, వెళ్ళమంటారనే భయమేసింది," అంది. సిగ్గుగా ఉంది. ఆ సిగ్గు కింద, చెప్పుకోలేనంత సంతోషంగానూ ఉంది.

అతను కాగితం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె అక్కడే కూర్చుని వస్తున్నానని రాసింది. అతనే పోస్టులో వేసొచ్చాడు.

సోమవారం ఆమె బస్సెక్కింది. ఆ క్షణాన ఇల్లంతా బిగుసుకుంది. తలుపు తెరవాలంటే భుజంతో నెట్టాల్సి వచ్చేది, చక్కెర డబ్బా మూత ఇద్దరు పట్టి లాగినా రాలేదు. తల్లీకొడుకులు మూడు రోజులు చక్కెర లేని టీ తాగారు.

నాలుగో పొద్దున అతను ఆఫీసుకి చొక్కా తొడుక్కుంటుంటే గుండీలు ఆరూ ఒకదాని వెనక ఒకటి రాలి మంచం కిందికి దొర్లాయి. అతను వంగి ఏరుకుంటున్నాడు, తల ఎత్తడం లేదు.

"ఏరింది చాలు గానీ, బయల్దేరరా," అంది తల్లి.

"మరి నువ్వో?"

ఆమె నాలుకతో బుగ్గ లోపల ఏదో తడుముకుంది.

"పన్ను ఊగుతోందిరా, నిన్నట్నుంచీ. రెండు టికెట్లు తియ్యి."