తూకం కొక్కేలకు ఊయలలు

పొద్దున తొమ్మిది గంటలకు రాసాత్తి గది తలుపు సందులోంచి పొగ వస్తోంది. తలుపుకు తాళం వేసి ఉంది. తలుపు కిందినుంచి నాలుగు చిన్న వేళ్ళు బయటికొచ్చి గచ్చును గీరుతున్నాయి. లోపల ఉన్నది రాసాత్తి మూడేళ్ళ కూతురు పూవాయి. తాళంచెవి రాసాత్తి నడుముకు వేలాడుతోంది. రాసాత్తి రెండు మైళ్ళ ఎగువన కొండమీద తేయాకు కోస్తోంది.

అరిచాను. కంపెనీ గదుల వరసలో ఆ వేళప్పుడు వినడానికి ఎవరుంటారు? ముసలి వెల్లత్తాయి ఒక్కతే వచ్చింది. ఇద్దరం కలిసి రోకలితో తాళం బద్దలుకొట్టాం. పొయ్యిలో ఆరని నిప్పుమీద గోనెపట్టా పడి రాజుకుంది. బిడ్డ బతికింది. కుడి అరికాలు కాలింది. దగ్గుతూ నా మొహంలోకి చూసి, "ఆయా, బడి తెరిచారా?" అని అడిగింది.

ఆ మాటతో నా ప్రాణం చచ్చిపోయింది. ఆ బడి తాళంచెవి ఇచ్చేసింది నేనే.

ఇరవై రెండేళ్ళు నేను మా ఎస్టేటు పిల్లలింటికి ఆయాని. తల్లులు పాత చీరలు తెచ్చిచ్చేవాళ్ళు, దూలానికున్న కొక్కేలకు నేను ఊయలలు కట్టేదాన్ని. అమ్మ చీర వాసనకు పసివాళ్ళు కిక్కురుమనకుండా పడుకునేవాళ్ళు. పెద్దపిల్లలు తేయాకు గింజలతో నేలమీద అక్షరాలు పేర్చేవాళ్ళు. కోసిన ఆకుతో పది గంటల తూకానికి దిగినప్పుడు తల్లులు పాలిచ్చి పోయేవాళ్ళు. ఎవరి దగ్గరా పైసా తీసుకున్నది లేదు. కంపెనీ దాన్ని మూసేసింది. ఆ ఇంట్లో ఇప్పుడు మంచు చూడ్డానికొచ్చే టూరిస్టులకు గదులు కడతారట. బజారులో ఇంగ్లీషు ప్లేస్కూలు ఉందిగా, అక్కడికి పంపుకోండి అన్నారు. అక్కడి ఫీజుకు తల్లి కోసిన ఆకంతా పోసినా చాలదు. వాకిట్లో వదిలిపోదామంటే చిరుతపులి భయం. అందుకే తల్లులు తాళాలు కొనుక్కున్నారు.

ఫీల్డాఫీసరు నన్ను ఒక్కదాన్నే ఆఫీసుకు పిలిపించాడు. "తాళంచెవి ఇస్తే నీ గది నీకుంటుంది. లేదంటే సామాను సర్దుకో" అన్నాడు. నాకు మొగుడు లేడు. దిగువన తిరునెల్వేలిలో మా తాత పుట్టిన ఊరు ఏదో కూడా నాకు తెలియదు. తాళంచెవి ఇచ్చేశాను. మర్నాడు వాళ్ళు దూలానికున్న కొక్కేలు పీకేస్తుంటే కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను.

పూవాయి కాలు కాలిన సాయంత్రమే కొళాయి దగ్గర ఆడవాళ్ళంతా చేరారు. బిడ్డను ఆస్పత్రికి తీసుకెళ్ళి కట్టు కట్టించుకుని రాసాత్తి వచ్చింది. యూనియన్ కార్యదర్శి తంగవేలు గొంతు సవరించుకున్నాడు.

"పిల్లలిల్లు తెరవమని వినతిపత్రం ఇచ్చాం కదమ్మా. పైవాళ్ళు చూస్తారు. తొందరపడకూడదు."

"నీ పిల్లలు కోయంబత్తూరు హాస్టల్లో ఉన్నారు అన్నా," అంది రాసాత్తి. "నీకు తొందరెందుకుంటుంది?"

"పని మానేద్దాం," అని ఎవరో అరిచారు.

"మానేస్తే రేపు సాయంత్రానికల్లా సామాను రోడ్డుమీద ఉంటుంది. అప్పుడెక్కడికి పోతావే, కొండ దూకుతావా?" అంది ఇంకొకామె.

రాసాత్తి బిడ్డను చంక మార్చుకుంది. "ఇల్లు దొరది. పని దొరది. కిందికి దిగే దారి కూడా దొరదే. తాళంకప్ప ఒక్కటే నాది. దాన్ని నా బిడ్డమీదే వేశాను."

"ఆ పిల్లలింటి తాళంచెవి దానం చేసిన మహాతల్లి ఇక్కడే ఉందిగా, అడగండి!" అంది వెనకనుంచి ఒకామె.

నేను తల దించుకోలేదు. సిగ్గుతో ఒళ్ళు కాలిపోతున్నా చెప్పాను. "అవును, నేనే ఇచ్చాను. గది పోతుందని ఇచ్చాను."

నలుగురూ నోళ్ళు తెరిచేలోపు వెల్లత్తాయి లేచింది. "దాన్నేమంటారే? మీలో ఎవత్తె ఇవ్వదు? ఒక్కదాన్ని చేసి అడిగాడు, ఇచ్చింది. ముప్పైమందినీ కలిపి నిలబెట్టి అడిగుంటే ఇచ్చేదా? ఇప్పుడు కలిసున్నాం కదా, ఏం చేద్దామో ఇప్పుడు దాన్నే చెప్పమనండి."

మా సంగతి రాసుకోవడానికి కొండెక్కి వచ్చిన చదువుకునే పిల్లలు మీరు, ఈ మాట రాసుకోండి. నేను పాఠాలు చెప్పిన ఇరవై రెండేళ్ళలో నేర్చుకోనిది ఆ ముసలిది నాకు కొళాయి దగ్గర నేర్పింది.

"కొక్కేలు ఇంకోచోట ఉన్నాయి," అన్నాను.

అందరూ నావైపు చూశారు.

"తూకం షెడ్డులో. కాటాలు వేలాడేవి, తొమ్మిది. పని మానొద్దు. ఆకు కోద్దాం, తెచ్చి షెడ్డులో పెడదాం. ఎలా తూస్తారో వాళ్ళే చూసుకుంటారు."

ముందు ఒకామె నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. తంగవేలు మాత్రం నవ్వలేదు, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

రాసాత్తి నా చెయ్యి పట్టుకుంది. "నీ ఊయల ముడి నాకు నేర్పు ఆయా. రేపు నిన్ను లాక్కుపోతే?"

నా ముడి జారదు. బరువు పడేకొద్దీ బిగుస్తుంది, బిడ్డను ఎత్తితేనే వదులవుతుంది. కొళాయి పక్క గుంజకు చీర కట్టి, బిడ్డకు బదులు నీళ్ళబిందె పెట్టి చూపించాను. రెండు బిందెలు పడి సొట్టలు పోయాయి. మూడోది నిలిచింది. ఎస్టేటు కింది డివిజన్‌నుంచి నీళ్ళకొచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు కూడా బిందెలు దించి, చీరకొంగులతో ముడి వేసి చూసుకున్నారు.

తెల్లవారాక తూకం కాటాలు దించి, ఒక్కటీ దెబ్బతినకుండా గోడవార పెట్టాం. తొమ్మిది కొక్కేలకు తొమ్మిది చీరలు కట్టాం. పెద్దపిల్లలు కింద కూర్చుని తేయాకు గింజలతో మొదటి అక్షరం పేర్చారు. పదింటికి ఆకు మూటలు దిగాయి. తూచేవాడు కాటా చేత్తో పట్టుకుని పైకి చూస్తూ నిలబడ్డాడు.

ఫీల్డాఫీసరు పరుగెత్తుకొచ్చాడు. "ఇది తూకం షెడ్డా, బడా?"

"రెండూ దొరా," అంది వెల్లత్తాయి.

మధ్యాహ్నానికి తూకం కాని మూటల్లో ఆకు వేడెక్కి ఎర్రబారి పాడైంది. మూడింటికి జీపులో పోలీసులు వచ్చారు. ఒక కానిస్టేబులు ఊయల విప్పబోయాడు. ముడి రాలేదు. బిడ్డను ఎత్తబోతే అది కెవ్వుమంది, దాంతోపాటు మిగతా ఎనిమిదీ అందుకున్నాయి.

"ఎవరు కట్టారు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నేను," అంది రాసాత్తి. "నేను," అంది పక్కామె. వరసగా ముప్పైమందీ అన్నారు.

ఫీల్డాఫీసరు నావైపు వేలు చూపించాడు. "అబద్ధం సార్. ఆ ముడి దీనికొక్కదానికే వచ్చు. దీన్ని తీసుకెళితే రేపు ఒక్క ఊయల ఉండదు."

"విప్పు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"బిడ్డలు నిద్రపోవాలి. వాళ్ళు లేచాక తల్లులు విప్పుకుంటారు," అన్నాను.

నా రెక్క పట్టుకుని జీపెక్కించారు. నా గది ఈపాటికి తీసేసుకుని ఉంటారని తెలుసు. పూవాయి కట్టుకట్టిన కాలితో కుంటుతూ జీపు దాకా వచ్చింది.

"ఆయా, రేపు బడి ఉందా?"

"ఉంది," అన్నాను. ఎవరి ధైర్యంతో అన్నానో నాకే తెలియదు.

జీపు మలుపులు దిగి కింది డివిజన్ చేరేసరికి రోడ్డుకు అడ్డంగా ఆకు లారీ ఆగి ఉంది. లోడు రాలేదని డ్రైవరు బీడీ తాగుతూ కూర్చున్నాడు. పక్కనే వాళ్ళ తూకం షెడ్డు. లోపల ఏడు చీరలు ఊగుతున్నాయి. ఇన్‌స్పెక్టరు వాటిని చూసి, వెనక్కి తిరిగి నన్ను చూశాడు. ఏ ముడి చూసినా నేను కట్టినట్టే ఉంది. ఆ షెడ్డులో నేను ఎన్నడూ అడుగు పెట్టలేదు.