లాండ్రీ బుట్టలో నిధి

నిద్రపోతున్న పిల్లకి ఫొటో తీయకూడదు. ఆ మాట నేను ఇంగ్లీషులో వెతుక్కునేలోపే ఇలియానా ఆంటీ కెమెరా టక్కుమంది.

ఆవిడది రొమేనియా. మా పై అంతస్తులో ఉంటుంది, అరవై దాటాయి. అక్కడ కమ్యూనిస్టు ప్రభుత్వం పడిపోయాక జనం ఎలా బతికారో ఫొటోలు తీసింది. లిఫ్టులో పందిపిల్లతో సూటు వేసుకున్న పెద్దమనిషి, ఆరో అంతస్తు బాల్కనీలో డిష్ యాంటెన్నా కింద కోళ్ళు, బస్టాపులో సోడా తాగుతున్న పెళ్ళికూతురు. చూస్తే నవ్వొస్తుంది. ఇప్పుడు అమెరికాలో, మా అరోరా అపార్ట్‌మెంట్లనీ అలాగే తీస్తోంది. సోమవారం లాండ్రీ రూమ్‌లో నేను మెషీన్లో బట్టలు వేసి తిరిగేసరికి ఆవిడ మా బుట్ట మీదికి వంగి ఉంది. బుట్టలో తువ్వాళ్ళ మీద నోరు తెరుచుకుని పడుకున్న మా ఎనిమిది నెలల నిధిని తీసింది. శనివారం నుంచి ఊరి లైబ్రరీ గోడ మీద పెడతానంది. నేను తలూపాను. ఇంటర్ మధ్యలో ఆపేసినదాన్ని, కాదనడానికి నాకు మాటలెక్కడివి?

ఇంటికొచ్చి చూస్తే పిల్ల మణికట్టుకి ఎర్రదారం. ఏ తువ్వాలుదో ఊడి చుట్టుకుందేమో, నోట్లో పెట్టుకుంటే ఎలా? కత్తిరించి పారేశాను. సాయంత్రానికి ఒళ్ళు కాలిపోయింది.

"పళ్ళొస్తున్నాయని డాక్టర్ చెప్పారుగా!" అన్నాడు మా ఆయన రఘువీర్.

"సరిగ్గా ఫొటో తీసిన రోజే రావాలా పళ్ళు?"

మూడు రోజులు కుదురు లేదు. వందమంది కళ్ళు పడతాయి దాని మీద. శుక్రవారం పొద్దున్న ఉప్పు, ఎండుమిరపకాయలు దిగదుడిచి పెనం మీద వేశాను. పొగకి ఫైర్ అలారం మోగింది. పిల్లనీ డైపర్ బ్యాగునీ పట్టుకుని కిందికి పరిగెత్తాను. బిల్డింగంతా దగ్గుకుంటూ పార్కింగ్‌లోకి వచ్చింది.

"దిష్టి ఉంటే ఘాటు రాదంటారుగా అవనీ! ఈ ఘాటుకి ఇక దిష్టెక్కడిది?" అన్నాడు రఘువీర్ దగ్గుతూ.

"మీరూరుకోండి."

ఇలియానా ఆంటీ తలకి తువ్వాలుతోనే, పైజమాల్లో నిలబడ్డ జనాన్ని ఫొటోలు తీస్తోంది. తిన్నగా వెళ్ళాను.

"ఆంటీ, బేబీ ఫొటో నో." నా కంటి మీద వేలు పెట్టి నిధిని చూపించాను.

ఆవిడ కెమెరా దించి, ముందు పిల్ల మణికట్టు చూసింది.

"దారమేది? తీసేశావా? కన్ను తగలకూడదనే కట్టా! అది కట్టకుండా పసిపిల్లల్ని తీయను నేను." ఆవిడ ఇంగ్లీషు నాకు బాగానే అర్థమవుతుంది. ఇద్దరిదీ అరకొరే.

కారు డిక్కీ తెరిచింది. లైబ్రరీకి సర్దిన ఫ్రేములు. రొమేనియా పసివాళ్ళందరి చేతులకీ ఎర్రదారం. అడుగున మా నిధి. దాని చేతికీ.

"నువ్వు తల్లివి. వద్దంటే తీసుకుపో."

ఫ్రేము చేతిలోకి తీసుకున్నాను. తువ్వాళ్ళలో ఇంకో తువ్వాలులా పడి ఉంది నా బంగారం. నవ్వొచ్చింది, భయం మాత్రం పోలేదు. ఆవిడ దారం ఆవిడ ఊరి కళ్ళకి సరిపోతుంది. లైబ్రరీకి మనవాళ్ళు కూడా వస్తారు కదా!

డైపర్ బ్యాగులోంచి కాటుక తీశాను. అద్దం మీద, సరిగ్గా నిధి బుగ్గ దగ్గర, చుక్క పెట్టాను. ఎందుకైనా మంచిదని అరికాలికి ఇంకోటి పెట్టి ఫ్రేము ఆవిడకిచ్చాను.

"తుడవద్దు ఆంటీ," అన్నాను.